ఆలస్యాన్ని కొలిచే టూల్‌ను పరీక్షించడం

సభకు నమస్కారం.

1997 జూలైలో అంగారకుడి మీద దిగిన నాసా పాత్‌ఫైండర్ నౌక కొద్దిరోజులకే పదేపదే రీసెట్ కావడం మొదలుపెట్టింది. వీఎక్స్‌వర్క్స్ అనే రియల్‌టైమ్ (పనులు గడువులోగా జరగాల్సిన) ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే దాని సాఫ్ట్‌వేర్‌లో, వాతావరణ వివరాలు సేకరించే తక్కువ ప్రయారిటీ టాస్క్ ఒక మ్యూటెక్స్‌ను (ఒకసారికి ఒక టాస్క్ మాత్రమే పట్టుకోగల తాళాన్ని) పట్టుకుని ఉండగా మధ్యస్థాయి టాస్కులు దాన్ని తోసుకుని నడిచేవి; అదే మ్యూటెక్స్ కోసం కాచుకున్న ముఖ్యమైన టాస్క్ గడువు దాటేది; అది గమనించిన మరో టాస్క్ కంప్యూటర్‌ను రీసెట్ చేసేది. నాసా ప్రయోగశాల జేపీఎల్ ఇంజినీర్లు భూమి మీదున్న నకలులో ట్రేస్ (ఏది ఎప్పుడు జరిగిందో నమోదు చేసే సౌకర్యం) ఆన్ చేసి, అదే పరిస్థితి మళ్లీ వచ్చేదాకా నడిపి, కారణం పట్టుకున్నారు. ఈ ఉదంతాన్ని మనం ప్రయారిటీ ఇన్వర్షన్ (ముఖ్యమైన టాస్క్ తక్కువ ప్రయారిటీ టాస్కుల వల్ల ఆగిపోవడం) పాఠంగానే చెప్పుకుంటాం గానీ, ఆ ట్రేస్ సౌకర్యం లేకపోతే పాఠం తెలిసేదే కాదు.

2024లో వచ్చిన 6.12 వెర్షన్‌తో రియల్‌టైమ్ ప్రీఎంప్షన్ (ముఖ్యమైన టాస్క్ రాగానే నడుస్తున్న పనిని ఆపి దానికి చోటిచ్చే ఏర్పాటు) ప్రధాన లినక్స్ కెర్నల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, చేరింది. అక్కడ ఆలస్యాన్ని కొలవడానికి సైక్లిక్‌టెస్ట్ అనే టూల్ ఎప్పటినుంచో ఉంది: దాని థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని) ఫలానా సమయానికి లేవాలని నిద్రపోతుంది, లేచాక గడియారం చూసుకుంటుంది, తేడాయే లేటెన్సీ, అంటే ఆలస్యం. అయితే ఆ అంకె ఒక్కటే కారణం చెప్పదు. 2021లో కెర్నల్‌లోకి వచ్చిన టైమర్‌లాట్ అనే టూల్, ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) దగ్గర ఎంత ఆలస్యమైందో, థ్రెడ్ దగ్గర ఎంతైందో విడివిడిగా చూపిస్తుంది కనుక నేను దానివైపే మొగ్గుతాను.

ఇక ఈ టైమర్‌లాట్ చెప్పేది నిజమేనని ఎలా నమ్మాలి? మేము ఒక చిన్న కెర్నల్ మాడ్యూల్ (కెర్నల్‌కు జోడించే కోడ్) రాసి, ప్రాసెసర్‌లోని ఒక కోర్ మీద ఇంటరప్టులను సరిగ్గా 200 మైక్రోసెకన్లు ఆపి చూశాం. టూల్ ఒకసారి 40 చూపింది, ఒకసారి 170, చాలాసార్లు ఏమీ చూపలేదు. మొదట టూల్‌నే తప్పుపట్టాం. కాగితం మీద గీసుకుంటే సంగతి అర్థమైంది: టైమర్ 1000 మైక్రోసెకన్లకు ఒకసారి మోగుతుంది, మేము ఇంటరప్టులను ఆపి ఉంచిన వ్యవధి (దాన్ని కిటికీ అందాం) 200, అందువల్ల సుమారు ఐదు కిటికీల్లో ఒకదానిలోనే టైమర్ పడుతుంది, పడినా కిటికీలో అప్పటికి మిగిలిన భాగమే ఆలస్యంగా కనిపిస్తుంది. పైగా మాడ్యూల్ కూడా 1000కి ఒకసారే నడిస్తే రెండూ జంటకట్టినట్టు సాగి, ఎప్పుడూ ఒకే అంకె వస్తుంది. అందుకని మాడ్యూల్ వ్యవధిని 1377కి మార్చాం. వేల పరుగుల్లో గరిష్ఠం 200కు దగ్గరగా రావాలి, 200కు మామూలు ఆలస్యాన్ని కలిపితే వచ్చే అంకెను మించి పోకూడదు. ఇదే మా పరీక్ష.

హార్డ్‌వేర్ వల్ల వచ్చే ఆలస్యాన్ని వెతికే హెచ్‌డబ్ల్యూలాట్‌కు మరో మెలిక ఉంది. డిఫాల్ట్‌గా అది ప్రతి సెకనులో అర సెకనే గమనిస్తుంది. మిగతా సగంలో ఏం జరిగినా దానికి కనిపించదు. దానిలో మచ్చలేని ఫలితం వచ్చిందని సంబరపడేవారు ఈ సంగతి మరచిపోతుంటారు.

రికార్డులు దాచుకునే ట్రేస్ బఫర్ నిండితే కొత్త రికార్డు పాతదాన్ని చెరిపేస్తుంది, తరచూ మనకు కావలసింది ఆ పాతదే. కాబట్టి ఓవర్‌రన్ సంఖ్య (అలా చెరిగిపోయిన రికార్డుల లెక్క) సున్నా కాకపోతే, మా స్క్రిప్ట్ ఆ పరుగు ఫలితాన్ని లెక్కలోకి తీసుకోదు.