బెంగళూరు నుంచి ఊటీకి: ఎత్తు పెరిగితే అడవి ఎందుకు మారుతుంది?

[తెల్లవారుజాము. బెంగళూరు మడివాళలో ఆగిన బస్సు.]

మే నెలలో విజయవాడలో రాత్రి బస్సెక్కి, పొద్దున్నే మడివాళలో దిగినవాళ్లు ముందుగా అనే మాట: "అబ్బ, ఎంత చల్లగా ఉందో!" బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది.

[సైకిల్ ట్యూబు వాల్వు, దగ్గరగా.]

ఈ వాల్వు తీసి వేలు అడ్డం పెట్టండి. గాలి చల్లగా తగులుతుంది. ఇరుకులోంచి బయటపడ్డ గాలి విచ్చుకుని చల్లబడుతుంది. కొండెక్కే గాలిదీ ఇదే కథ. పైన ఒత్తిడి తక్కువ కదా.

[బందీపూర్ రోడ్డు.]

మైసూరు దాటి బందీపూర్‌లోకి వచ్చాం. టేకు, నల్లమద్ది, చిరుమాను... నల్లమలలో తిరిగినవాళ్లకు తెలిసిన చెట్లే. ఎండలు ముదిరితే ఆకు రాల్చి నీళ్లు దాచుకుంటాయి. మసినగుడి వైపు వాన ఇంకా తక్కువ, అంతా ముళ్లకంపే. అక్కణ్ణుంచి కల్హట్టి ఘాట్, 36 హెయిర్‌పిన్ మలుపులు. పైకెళ్లేసరికి చెవులు దిబ్బెళ్లు పడతాయి, కిటికీలో అడవి మారిపోతుంది.

[2,000 మీటర్ల పైన. పచ్చిక కొండలు, మడతల్లో చిక్కటి చెట్లు.]

నేను ఈ వీడియో మొదలుపెట్టిందే ఈ చోటు కోసం. వీటిని షోలా అడవులంటారు. చెట్లు పొట్టి, తలలు గుండ్రం, మాను నిండా తడి నాచు. ఈ ఆకు చూడండి: చిన్నది, మందం, వేళ్లతో వంచితే తోలు ముక్కలా ఉంది. చలిగాలికి తట్టుకోవాలంటే ఇలాగే ఉండాలి.

మరి పక్కనున్న పచ్చికలో చెట్లేవీ? డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆకాశం తేటగా ఉంటే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది. ఆ గడ్డిలో పడి మొలిచిన షోలా మొక్క లేత కణాలు గడ్డకట్టి చచ్చిపోతుంది. అదే మొక్క పది అడుగుల అవతల పెద్దచెట్ల నీడలో మొలిస్తే బతుకుతుంది, ఎందుకంటే పైనున్న ఆకుల కప్పు వేడిని పోనివ్వదు. కార్చిచ్చులు, మట్టి లోతు కూడా కారణాలే. కానీ నాకు ఈ మంచు సంగతే అన్నిటికన్నా ఆశ్చర్యం.

ఈ పచ్చిక మనుషులు చెట్లు నరికితే వచ్చింది కాదు. మన బెంగళూరు ఐఐఎస్‌సీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) చెందిన రామన్ సుకుమార్ బృందం నీలగిరుల బురదనేలల పొరల్లోని కార్బన్‌ను పరీక్షించి 1993లో ఫలితాలు ప్రకటించింది. దాదాపు 20 వేల ఏళ్ల కిందట కూడా అక్కడ గడ్డి ఉంది. అంత పాత పచ్చికను బీడు అనుకుని బ్రిటిషువాళ్లు, ఆ తర్వాత మనవాళ్లూ ఆస్ట్రేలియా వాటిల్, యూకలిప్టస్ నాటారు. ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. పచ్చగా ఉందని మనం ఫొటోలు దిగే కొండల్లో చాలావరకు ఆ తోటలే.

[పచ్చిక మధ్య ఒంటరి చెట్టు, ఎర్రటి పూలగుత్తులు.]

పచ్చికలో నిలదొక్కుకున్న చెట్టు ఒకటుంది, రోడోడెండ్రాన్. దీని బెరడు మీద చెయ్యి వేసి చూడండి, ఎంత మందమో! మంచుకూ మంటకూ ఓర్చుకుని, ఇదిగో, ఇలా పూస్తుంది.