తంబోలా చీటీ వద్దు, చేట ఇవ్వండి!

నమస్కారం. గత వారం వీడియోలో నేను అన్నది ఒక్క మాట: వృద్ధాశ్రమాల్లో తంబోలా, అదే అంకెల చీటీల ఆట, ఆపండి. అంతే, కామెంట్ల నిండా చీవాట్లు! "పెద్దవాళ్ల కాస్త సంతోషం కూడా ఓర్వలేవా?" అని ఒకరు, "మీ అమ్మను చేర్చాక మాట్లాడు" అని ఇంకొకరు. నేను వెనక్కి తగ్గుతానని చూడటానికి వచ్చినవాళ్లకు ఈరోజు నిరాశే. ఇంకో మెట్టు ఎక్కి చెబుతున్నాను. ఆ ఆటలు పెట్టేది పెద్దవాళ్ల కోసం కానే కాదు, పిల్లల వాట్సాప్‌కు పంపే ఫొటో కోసం.

ఎందుకంటున్నానో వినండి. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దాటాక ఒక ఆశ్రమం. పేరు చెప్పను, అడగకండి. స్నేహితుడి మేనత్తను చూడటానికి వెళ్లాం. హాల్లో ఓ ఇరవై మంది, చేతుల్లో చీటీలు. ఒక అమ్మాయి మైకులో అంకెలు చదువుతోంది, ప్రతి అంకెకూ ఒక ఇంగ్లీషు ముద్దుపేరు తగిలించి మరీ. గడుల మీద పెట్టడానికి తలా గుప్పెడు రాజ్మా గింజలు ఇచ్చారు. నా పక్కన మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ. ఆవిడ చీటీ బోర్లా పడి ఉంది. ఏం చేస్తోందో తెలుసా? గింజలు ఏరుతోంది! ఒక్కొక్కదాన్నీ కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని, చిల్లున్నదాన్ని గోటితో పక్కకు నెట్టి, మంచిదాన్ని ఒళ్లో వేసుకుంటోంది.

"పెద్దమ్మా, అంకె వచ్చింది" అన్నాను.

"రానీ నాయనా. ఇన్ని పుచ్చులు పెట్టుకుని వీళ్లు వండేదెప్పుడు?"

ఆ హాల్లో పనికొచ్చే పని ఏదైనా జరిగిందంటే ఆ చేతుల్లోనే జరిగింది. మైకు అమ్మాయి మాత్రం "అమ్మమ్మా, ఆట మీద దృష్టి పెట్టాలి" అని మందలించింది. నాకు ఒళ్లు మండిపోయింది.

నా వాదం మళ్లీ చెబుతున్నాను, రాసిపెట్టుకోండి. పెద్దవాళ్లకు కావలసింది పెత్తనం. కాలక్షేపం దాని వెనకే నడిచి వస్తుంది.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదు. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కనెక్టికట్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ప్రయోగం చేసి 1976లో ప్రచురించారు. ఒక అంతస్తు వాళ్లతో "మీ గది మీ ఇష్టం, మొక్క కావాలంటే మీరే ఎంచుకోండి, నీళ్లూ మీరే పోయండి" అన్నారు. ఇంకో అంతస్తులో మొక్క చేతికిచ్చి "నీళ్లు నర్సులు పోస్తారు" అన్నారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే మొదటి అంతస్తులో పోయినవాళ్లు 15 శాతం, రెండోదాంట్లో 30. మరణాల్లో తేడా మొదట చెప్పినంత గట్టిది కాదని తర్వాత సవరణ వేశారు, అదీ చెప్పేస్తున్నాను. మొత్తం మనుషులు వంద కూడా లేరు. అయినా ఆ పూలకుండీని నేను వదలను!

ఆ దేశంలోనే ప్రభుత్వ బీమా డబ్బు తీసుకునే నర్సింగ్ హోమ్‌లలో, చేరిన మనిషిని కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నలున్నాయి. నచ్చిన పాటలు వినడం మీకెంత ముఖ్యం? జంతువుల దగ్గర గడపడం? వాతావరణం బాగున్నప్పుడు బయటికి వెళ్లడం? ఆ జవాబులను బట్టి కార్యక్రమం వేయాలి. ఇక్కడ మా స్నేహితుడు నింపిన దరఖాస్తు నేను చూశాను. షుగరుందా, బీపీ ఉందా, డిపాజిట్ ఎవరు కడతారు. నలభై ఏళ్లు పొద్దున లేవగానే ఏం చేసేవారమ్మా అని అడిగే గడి లేదు.

చలికాలం వస్తే బెంగళూరులో అనపకాయల కాలం. సొరకాయ కాదండోయ్, చిక్కుడు జాతి గింజల కాయ. వి.వి. పురం వైపు వెళ్లండి, ఆ వాసన ఎదురొస్తుంది. నానిన గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే తొక్క చేతిలో, పప్పు గిన్నెలో. మన రాయలసీమ పితికిపప్పు! వేళ్లు బిగుసుకోకుండా రబ్బరు బంతి నొక్కిస్తారు కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే బంతితో పులుసు కాయలేం. పితకలేనివాళ్లు కాయ వలుస్తారు, వలవలేనివాళ్లు పుచ్చులు ఏరుతారు, చూపు ఆననివాళ్లు ఉప్పూ కారం సంగతి తేలుస్తారు. మతిమరుపు ముదిరినవాళ్ల పక్కన ఒకరు కూర్చోవాలి, పచ్చిగింజ నోట్లో వేసుకోకుండా. ఒకాయన బ్యాంకులో లెక్కలు చూసి రిటైరయ్యారట. కూరగాయల ఖాతా ఆయనకు అప్పగించండి, ఆ వంటమనిషి గతి ఏమవుతుందో చూద్దాం!

ఇదంతా మేనేజరు గారికి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "సార్, కొడుకులు ఫోన్ చేస్తారు. నెలనెలా డబ్బు కట్టించుకుని మా అమ్మ చేత పప్పు పితికిస్తారా అని." విన్నారా? అడ్డం పడేది ఆశ్రమం కాదు, మనమే. అమ్మ చేత బెలూను ఊదిస్తే ఆనందం, పప్పు పితికిస్తే అవమానం!

గంటసేపు వాదించాక ఒక మంగళవారం ఇచ్చారు. అయిదు కిలోల కాయలు నేనే తీసుకెళ్లాలి. ఇష్టమున్నవాళ్లే కూర్చుంటారు, పులుసులో ఏం వేయాలో పెద్దమ్మ చెబుతుంది. మేనేజరు గారు ఒకే షరతు పెట్టారు: కెమెరా తేకూడదు.

ఫొటోల మీద ఇంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ని, ఏమనగలను? సరే అన్నాను.