ఎడారిలో తేలు ఎలా బతుకుతుంది?

సభకు నమస్కారం.

తేలు అనగానే మన దృష్టి దాని కొండి మీదికే పోతుంది. ఇంతవరకు శాస్త్రవేత్తలు గుర్తించిన 2,500కు పైగా తేలు జాతుల్లో మనిషి ప్రాణం తీయగలిగినవి కొద్ది పదులకు మించవు. ఈ వంశం 43 కోట్ల సంవత్సరాలకు పైగా భూమి మీద నిలిచి, ఒక్క అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలకూ విస్తరించింది. ఇదంతా విషం చలవే అనుకోవడానికి లేదు. తేలును కాపాడుతున్నది ప్రధానంగా పొదుపేనని నా అభిప్రాయం.

ఎడారిలో చిన్న ప్రాణికి ఆకలికన్నా ఒంట్లో నీరు ఇంకిపోవడమే పెద్ద గండం. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ, దాని బరువుతో పోలిస్తే తేమ ఆవిరైపోయే ఉపరితలం ఎక్కువవుతుంది. తేలు పైపెంకు మీద ఉండే పలుచని మైనపు పూత ఈ నష్టాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. విసర్జనలోనూ నీరు వృథా కాదు. వ్యర్థ నత్రజని నీటిలో దాదాపు కరగని గ్వానిన్ రూపంలో, పొడిగా బయటికి పోతుంది. అందుకే చాలా ఎడారి తేళ్లకు ఎర ఒంట్లోని తేమే దాదాపు సరిపోతుంది.

పగటి ఎండను అవి ఎదుర్కోవు, తప్పించుకుంటాయి. రాళ్ల కిందనో, తవ్వుకున్న బొరియల్లోనో ఉండిపోయి రాత్రి వేళ బయటికి వస్తాయి. వేడి నేల మీద నిలవక తప్పనప్పుడు కాళ్లు నిటారుగా చాచి, ఒళ్లు నేలకు తగలకుండా పైకెత్తుకుంటాయి. చుట్టూ నిప్పు పెడితే తేలు తనను తానే కుట్టుకుని చస్తుందన్న మాట చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. తన విషం తనమీద పెద్దగా పనిచేయదు. వేడికి కండరాలు బిగుసుకుపోయి తోక కొట్టుకోవడాన్ని చూసి పుట్టిన మాట అది.

తిండి విషయంలోనూ ఇదే తీరు. ఎడారి తేళ్ల జీవక్రియా వేగం, అంటే ఒళ్లు శక్తిని ఖర్చుచేసే వేగం, అంతే బరువున్న కీటకాలు, సాలెపురుగుల వంటి ఇతర సంధిపాద జీవుల వేగంలో సుమారు నాలుగో వంతే ఉంటుందని కొలతలు తేల్చాయి. ఎర దొరికిన రోజున కడుపారా తిని, ఆ తరువాత నెలల తరబడి, కొన్ని జాతులైతే ఏడాది దాకా, ఏమీ తినకుండా ఉండగలవు.

ఈ పొదుపు వేటలో ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో చూడాలంటే ఉత్తర అమెరికాలోని మొహావీ ఎడారి ఇసుక తేలును గమనించాలి. రాత్రి అది ఎనిమిది కాళ్లనూ చుట్టూ వృత్తంలా పరచి, డెక్కలు తెరిచి, కదలకుండా నిలబడుతుంది. అర మీటరు దూరంలో ఇసుక అడుగున ఒక బొద్దింక కదిలినా చాలు, ఆ ప్రకంపన రేణువుల మీదుగా పాకి ముందు దగ్గరి కాలికీ, సెకనులో వెయ్యో వంతు సమయం తరువాత దూరపు కాలికీ తగులుతుంది. పాదాల దగ్గర సన్నని చీలికల్లా ఉండే జ్ఞానాంగాలు ఆ వ్యవధిని పసిగట్టగానే తేలు ఎర ఉన్న దిక్కుకు తిరుగుతుంది, నాలుగడుగులు వేసి ఆగుతుంది, మరో కదలిక కోసం కాచుకుని, చివరికి ఇసుక తవ్వి పట్టుకుంటుంది. 1970లలో ఫిలిప్ బ్రౌనెల్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు ఈ సంగతిని వెల్లడించాయి. అంతవరకు, ఇసుక ఇలాంటి సంకేతాలను మోయలేనంత గుల్లదని చాలామంది అనుకునేవారు. చూపుతో దాదాపు పనిలేకుండా, వెతుకులాటలో శక్తి వృథా చేయకుండా సాగే ఈ వేట గురించి చదివినప్పుడల్లా నాకు కొత్తగానే ఉంటుంది.

ఇక విషం. దాన్ని కూడా తేలు ఆచితూచి వాడుతుంది. ఆఫ్రికాలోని పారబ్యూథస్ ప్రజాతికి చెందిన ఒక తేలును కవ్విస్తే, ముందుగా పొటాషియం లవణాలు మెండుగా ఉన్న తేట ద్రవాన్ని వదులుతుంది. దాని నొప్పే శత్రువును వెనక్కి పంపడానికి చాలావరకు సరిపోతుంది. బెదిరింపు ఆగకపోతేనే ప్రొటీన్లతో చిక్కబడ్డ పాలరంగు విషం బయటికి వస్తుంది. ఆ ప్రొటీన్లను మళ్లీ తయారుచేసుకోవడానికి తేలుకు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో దాని జీవక్రియా వేగం కూడా పెరుగుతుంది. బలమైన పెద్ద డెక్కలున్న జాతులైతే చిన్న ఎరను డెక్కలతోనే నలిపి చంపుతాయి, కొండిని ఎత్తనైనా ఎత్తవు.