మామిడాకులు వాడిపోకముందే గేటు చప్పుడవుతుంది

నమస్కారమండీ. గృహప్రవేశం అయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, షామియానా అతను కుర్చీలు లెక్కపెట్టుకుని పట్టుకుపోయాడు. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా వాడలేదు. సరిగ్గా ఆ వారంలోనే మొదలవుతారు, గేటు చప్పుడు చేసేవాళ్ళు. మీ ఇల్లు వాళ్ళకి ఎలా తెలిసిందా అనుకుంటారు. ఆ మామిడాకులే చెప్పాయి. కొత్త రంగు, కొత్త తోరణం కనిపిస్తే చాలు, ఈ ఇంట్లో వాళ్ళు ఇంకా ఖర్చుపెట్టే ఊపులోనే ఉన్నారని వాళ్ళకి అర్థమైపోతుంది.

ఇల్లు కొనేముందు చూసుకోవలసినవి, అంటే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం) తీయడం, 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములవి) సర్వే నంబరు ఉందేమో చూడడం, రెరా (బిల్డర్ల ప్రాజెక్టుల మీద నిఘా ఉంచే సంస్థ) నంబరు అడగడం, వీటి మీద వీడియోలు బోలెడు ఉన్నాయి. నేను చెప్పబోయేది తాళాలు చేతికొచ్చాక సంగతి. శ్రీకాకుళం టౌన్‌లో ఫ్లాట్ కొన్నా, నరసన్నపేటలోనో టెక్కలిలోనో సొంత స్థలంలో కట్టుకున్నా, మొదటి ఆరు నెలలు మనిషి లెక్క తప్పుతుంది. వంకాయల దగ్గర ఐదు రూపాయలకి బేరమాడే మనిషే, నలభై లక్షలు పెట్టాక "ఇంకో నలభై వేలు ఎంతలే" అంటాడు. అమ్మేవాళ్ళకి ఇది బాగా తెలుసు. "ఇంత పెట్టారు, దీనికి ఆలోచిస్తారేంటండీ" అని ఎవరైనా అన్నారంటే, ఆ రోజుకి పర్సు తీయకండి.

నలభై వేలు ఎంతో ఒకసారి చూద్దాం. 30 లక్షల లోన్, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ళు అనుకోండి. నెలకి ఈఎంఐ సుమారు 26 వేలు. మొదట్లోనే ఓ 40 వేలు అసలుకి కట్టేస్తే చివర్లో దాదాపు 8 ఈఎంఐలు తగ్గిపోతాయి. అంటే రెండు లక్షల పైమాటే. ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్‌కి ముందుగా కట్టినందుకు మామూలు వ్యక్తుల దగ్గర పెనాల్టీ తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ ఎప్పుడో చెప్పింది. కాబట్టి ఆ నలభై వేలు చిన్న మొత్తమేమీ కాదు.

ఇక నీళ్ళ డెమో. మా పిన్ని వాళ్ళింట్లో నేను ఉండగానే జరిగింది. ఇద్దరు కుర్రాళ్ళు, మెడలో ఐడీ కార్డులు, "ఫ్రీగా వాటర్ టెస్ట్ చేస్తామండీ" అని వచ్చారు. టేబుల్ మీద రెండు గాజు గ్లాసులు పెట్టారు. ఒకదాంట్లో మన కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో వాళ్ళు మిషన్‌లో వడగట్టి బాటిల్లో తెచ్చుకున్న ఆర్‌ఓ నీళ్ళు. లోహపు కడ్డీలున్న చిన్న పెట్టెలాంటిది రెండింట్లోకీ దించి స్విచ్ వేశారు. నిమిషం తిరక్కుండా కుళాయి నీళ్ళు పచ్చగా మారి, తర్వాత గోధుమరంగు, ఆ మీదట బురద. వాళ్ళ గ్లాసు మాత్రం తేటగా అలాగే ఉంది. మా పిన్ని గుండె మీద చెయ్యి వేసుకుంది. "అమ్మబాబోయ్, ఇన్నాళ్ళూ ఈ నీళ్ళా తాగినాం!" ఆ కుర్రాడు నెమ్మదిగా అన్నాడు: "ఉద్దానం సంగతి మీకు తెలీనిదేముంది పిన్నిగారూ."

చూశారా? మన జిల్లాలో ఆ ఒక్క మాట చాలు. ఉద్దానం, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో చూసినవాళ్ళం. దానికి అసలు కారణం ఇదీ అని ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా తేలలేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఆ ఊళ్ళకి పైపుల్లో నీళ్ళు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. డాక్టర్లకే తేలని కారణాన్ని ఈ కుర్రాడు రెండు కడ్డీలతో తేల్చేశాడన్నమాట.

నేను అడిగింది ఒక్కటే. "మీ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పెట్టండి బాబూ." కంపెనీ ఒప్పుకోదండి అన్నాడు. ఉప్పు డబ్బా తెచ్చి నేనే వేశాను. స్విచ్ వేస్తే వాళ్ళ నీళ్ళూ బురదే. ఎందుకంటే ఆ బురద నీళ్ళలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది. కడ్డీ ఇనుముది. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పు తేలుతుంది. ఆర్‌ఓ నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు సరిగ్గా పారదు, నీళ్ళు తేటగా ఉంటాయి. కొబ్బరినీళ్ళలో పెట్టినా తుప్పు తేలుతుంది, మరి కొబ్బరినీళ్ళు విషమా?

ఆర్‌ఓ మిషన్ కొనొద్దని నేను అనడం లేదు. అవసరమో కాదో తెలుసుకుని కొనండి. తాగునీటికి మన దేశ ప్రమాణంలో టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 500 దాకా మంచిదే అంటారు. వేరే నీళ్ళు దొరకని చోట 2000 వరకు సరిపెట్టుకోవచ్చు అని ఉంది. మీ బోరు నీళ్ళు 300 ఉంటే ఆర్‌ఓ దేనికి? లీటరు మంచినీళ్ళ కోసం అంతకి రెండు మూడింతలు కాలవలో పోతాయి. పైగా టీడీఎస్ మీటరుకి బ్యాక్టీరియా కనపడదు, ఫ్లోరైడ్ ఎంతుందో విడిగా చెప్పలేదు. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ల్యాబ్‌లు ఉన్నాయి. సీసాలో నీళ్ళు పట్టుకెళ్తే నామమాత్రపు రుసుముతో పరీక్ష చేసి కాగితం ఇస్తారు. ఆ కాగితం చూసి ఏ మిషన్ కావాలో మీరే నిర్ణయించుకోండి.

ఇంటీరియర్ దగ్గరికొస్తే మొత్తం పెద్దది, మోసం మాత్రం కంటికి కనపడనిది. మన దగ్గర చాలా ఇళ్ళకి డబ్బు హైదరాబాద్ నుంచో గల్ఫ్ నుంచో వస్తుంది. కొడుకు అక్కణ్ణుంచి ఫోన్‌పేలో అడ్వాన్స్ కొడతాడు, ఇక్కడ నాన్నగారు తలుపు తీసి నిలబడతారు. కొటేషన్‌లో "మెరైన్ ప్లై" (తడికి తట్టుకునే ప్లైవుడ్) అని ఉంటుంది, బిగించేది పొట్టు బోర్డు. పైన లామినేట్ అంటించి అంచుకి పట్టీ వేశాక దేవుడు కూడా చెప్పలేడు. అందుకే లామినేట్ అంటించకముందే కార్పెంటర్ పని చేసే చోటికి వెళ్ళండి. కోసిన అంచు చూడండి. ప్లై అయితే పొరలు పొరలుగా కనిపిస్తుంది, పార్టికల్ బోర్డు అయితే రంపపు పొట్టు నొక్కి గట్టిచేసినట్టు ఉంటుంది. షీటు మీద ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 710 అనే అంకె (మెరైన్ ప్లై ప్రమాణం), దాంతోపాటు సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరు, ఐఎస్ఐ ముద్ర ఇచ్చే సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి లైసెన్సో తెలిసిపోతుంది. ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు వాడకం ప్లై. బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్‌కి ఫర్వాలేదు, వంటింట్లో సింకు కింద మాత్రం వద్దు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళు మనవి, చెమ్మ ఎక్కువ.

ఇంకో కిటుకు చదరపు అడుగు రేటు. ఒకడు 1,200 అంటాడు, ఇంకొకడు 900 అంటాడు. 900 చవక అని సంబరపడతాం. మొదటివాడు ముందు భాగం మాత్రమే కొలిచి, లోపలి పెట్టె అందులోనే కలిపాడు. రెండోవాడు లోపలి పలకలన్నీ విడివిడిగా కొలుస్తాడు. హింజులు, చానెళ్ళు, హ్యాండిళ్ళు ఎక్స్‌ట్రా. ఆఖరికి 900 వాడి బిల్లే ఎక్కువ. కొలత ఎలా వేస్తారో కాగితం మీద రాయించుకోండి, సగం డబ్బు ముందే ఇవ్వకండి, చివరి పది శాతం పని అయ్యాక నెల వాడి చూసి ఇవ్వండి. దానికి ఒప్పుకోనివాడి పని మీద వాడికే నమ్మకం లేదని నా లెక్క.

బ్యాంకులో చేసేది మోసం అనను గానీ, మొహమాటం మీద ఆడుకుంటారు. లోన్ కాగితాల మధ్యలో ఇన్సూరెన్స్ కాగితం పెట్టి "ఇది కంపల్సరీ సార్" అంటారు. లోన్‌తో జీవిత బీమా వాళ్ళ దగ్గరే తీసుకోవాలనే చట్టమేదీ లేదు. ఒకేసారి కట్టే ప్రీమియం లక్షన్నర అనుకోండి, దాన్ని లోన్‌లోనే కలిపేస్తారు. ఎనిమిదిన్నర శాతం మీద 20 ఏళ్ళకి మీరు కట్టేది 3 లక్షల 12 వేలు. కుటుంబానికి రక్షణ తప్పకుండా ఉండాలి, దానికి విడిగా టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) తీసుకోండి, లోన్ తీరినా అది మీతోనే ఉంటుంది. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే పాలసీ కాగితాల్లో ఫ్రీ లుక్ అనే పేరా వెతకండి. చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దని రాసివ్వొచ్చు, స్వల్పంగా కోత పోను డబ్బు వెనక్కి వస్తుంది.

అసలు తీసుకోవలసిన బీమా గురించి మాత్రం ఎవరూ గేటు చప్పుడు చేయరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస వైపు రేకులు, గోడలు, జీడితోటలు ఎలా పోయాయో మర్చిపోలేదు కదా. భారత్ గృహ రక్ష అని 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే రూపంలో ఇస్తున్న పాలసీ ఉంది. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం అన్నీ వస్తాయి. స్థలం విలువ కలపక్కర్లేదు, కట్టడం ఖర్చుకే చేయించాలి. అందుకే ప్రీమియం కూడా తక్కువ. ఆర్‌ఓ మిషన్‌కి ఏటా సర్వీసు కాంట్రాక్టు రాసేవాళ్ళు ఇది ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

వాస్తు మాట కూడా అనేయాలి. నమ్మేవాళ్ళు నమ్మండి, మీ ఇష్టం. కానీ పునాది తీయకముందు అడగండి. ఇంట్లో దిగాక వచ్చి గేటు పగలగొట్టమనే మనిషి, పగలగొట్టే మేస్త్రిని కూడా తనే పంపిస్తానంటే, అక్కడ వాస్తు లేదు.

సోలార్ గురించి ఫోన్లు ఎక్కువయ్యాయి. పీఎం సూర్యఘర్ పథకం నిజమే. 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30 వేలు, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం 78 వేలు సబ్సిడీ. అయితే ఆ డబ్బు పని పూర్తయి తనిఖీ అయ్యాక మీ ఖాతాలోకే వస్తుంది. "సబ్సిడీ రిలీజ్‌కి ఐదు వేలు వేయండి" అన్నవాడు దొంగ. దరఖాస్తు అధికారిక పోర్టల్లోనే చేసి, అక్కడ జాబితాలో ఉన్న వెండర్‌నే పెట్టుకోండి. అలాగే "మీ కరెంటు రాత్రి తొమ్మిదిన్నరకి కట్ చేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని మెసేజ్ వస్తే చేయకండి. కొత్త ఇల్లు, మీటరు ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంటుంది కాబట్టి నిజమేనేమో అని టెన్షన్ పడతాం. సర్వీస్ నంబరుతో మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ యాప్‌లో చూస్తే బాకీ ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లోకి యాప్ ఎక్కించేది) పంపితే ఎవరు పంపినా సరే, తెరవకండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణం చుట్టాలకి ఫోన్లు చేస్తూ కూర్చోకండి. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ యూటీఆర్ నంబరు (డబ్బు పంపినప్పుడు వచ్చే గుర్తింపు నంబరు), ఏ బ్యాంకు, ఏ సమయం, ఎంత, ఇవే అడుగుతారు. తర్వాత బ్యాంకుకి చెప్పండి. పరువు పోతుందని మొహమాటపడి ఆదివారం దాటనిస్తే, సోమవారానికి ఆ ఖాతాలో ఏమీ మిగలదు.