పైపూత మందు పైనే ఆగిపోతుందా?

నమస్కారం. జుట్టు ఎందుకు రాలుతుందో, బట్టతలలో వంశపారంపర్యం పాత్ర ఎంతో మీకు తెలిసినదే కనుక ఆ జోలికి పోకుండా, జుట్టు మొలవడానికి తలకు రాసుకునే మినాక్సిడిల్ అనే మందు గురించి చాలా కాలంగా నన్ను చికాకు పెడుతున్న ఒక మాట దగ్గరికి నేరుగా వస్తున్నాను. మన విశాఖలో మహారాణిపేట మందుల షాపు ముందు నిలబడినా, ఎంవీపీ కాలనీలో సెలూన్‌లో కూర్చున్నా ఆ మాట చెవిన పడుతూనే ఉంటుంది: "పైపూతే కదండీ, ఒంట్లోకి పోదు, ఏమీ కాదు." పోతుందండీ. ఎంత పోతుందో, పోయినది ఏం చేస్తుందో చూద్దాం.

మినాక్సిడిల్ తల కోసం పుట్టిన మందు కాదు. రక్తనాళాలను వెడల్పు చేసి, మొండి రక్తపోటును దించే మాత్రగా 1979లో అమెరికాలో అనుమతి పొందింది. దానిని మింగినవారికి ముఖం మీద, చేతుల మీద వెంట్రుకలు పెరగడం గమనించిన తరువాత తలకు రాసుకునే ద్రావణం తయారుచేయగా, 1988లో 2 శాతం ద్రావణానికి పురుషుల బట్టతల కోసం ఆమోదం లభించింది. ఈనాడు మనం ఫలితమని సంబరపడుతున్నది ఆనాటి మాత్రకు దుష్ప్రభావమన్నమాట.

[తెరపై: విశాఖ పోర్టు పటం]

మన పోర్టునే చూడండి. బయట ఔటర్ హార్బర్, లోపల ఇన్నర్ హార్బర్, రెండింటినీ కలుపుతూ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా ఒక సన్నని కాలువ. నెత్తి చర్మం ఔటర్ హార్బర్ అనుకుంటే, రక్తం ఇన్నర్ హార్బర్. చర్మం ఆరోగ్యంగా ఉన్నప్పుడు, రాసుకున్న మందులో సగటున 1.4 శాతం మాత్రమే ఆ కాలువ దాటుతుంది. 5 శాతం ద్రావణం ఒక మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రోజుకు రెండుసార్లు రాస్తే 100, అందులో రక్తంలో చేరేది సుమారు 1.4 మిల్లీగ్రాములు. రక్తపోటుకు మింగే మోతాదు సాధారణంగా రోజుకు 10 నుంచి 40 మిల్లీగ్రాములు కనుక, గుండె జబ్బు లేనివారు అంతగా బెంగపడనక్కరలేదు.

అయితే కాలువ అందరికీ, అన్నివేళలా ఒకే వెడల్పులో ఉండదు. ఎండకు కమిలిన నెత్తి మీద, గోకి గోకి పుండ్లు చేసుకున్న చోట, సింహాచలంలో తలనీలాలు సమర్పించి వచ్చి కత్తి గాట్లు మానకముందే, లేదా సూదుల రోలర్ దొర్లించిన వెంటనే మందు రాస్తే, కాలువను మనమే తవ్వి వెడల్పు చేసినట్లు. త్వరగా మొలుస్తుందన్న ఆశతో ఒకటికి రెండు మిల్లీలీటర్లు రాసేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది. ఓడలు ఆగే బెర్తులు, అంటే వెంట్రుకల కుదుళ్ళు, పెరగవు; లోపలికి దూరే ఓడలు, అంటే మందు, మాత్రం పెరుగుతాయి. అలా మందు ఎక్కువగా చేరితే గుండె దడ, కళ్ళు తిరగడం, ఛాతీ నొప్పి, పాదాల వాపు, ఉన్నట్టుండి బరువు పెరగడం కనిపించవచ్చు. మే నెల ఉక్కలో కళ్ళు తిరిగితే మనం ఎండ దెబ్బ అని మజ్జిగ తాగి ఊరుకుంటాం. ఈ మందు వాడేవారు అలా ఊరుకోకుండా, దానిని ఆపి డాక్టరును కలవాలి.

మొదటి రెండు నుంచి ఎనిమిది వారాలలో జుట్టు మరింత రాలడం చాలామందిని హడలగొడుతుంది. ఇక్కడ కూడా బెర్తుల సంగతే: పని ముగిసినా కదలకుండా నిలిచిన ఓడ తప్పుకుంటేనే కొత్తది రాగలదు. పెరగడం ఆగి విశ్రాంతి దశలో ఉన్న పాత వెంట్రుక అలాగే జారిపోతుంది. చిత్రమేమిటంటే, చాలామంది సరిగ్గా ఇక్కడే మందు మానేస్తారు.

దురద, ఎరుపు, పొట్టు కనిపిస్తే చుండ్రనుకుని షాంపూలు మారుస్తారు. చాలాసార్లు అసలు కారణం ద్రావణంలో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం; అది లేని ఫోమ్ (నురగ) రకం అడగవచ్చు.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి వేగంగా చెబుతాను. మందు పూర్తిగా ఆరకుండా పడుకుంటే దిండుకు అంటి, అక్కడి నుంచి ముఖానికి చేరుతుంది; స్త్రీలకు చెంపల మీద, నుదుట నూగు రావడానికి ఇదొక కారణం. రాసిన చేతులు కడగకుండా, తల ఆరకుండా పసిపిల్లలను ఎత్తుకోకండి. అలా తగిలిన శిశువుల ఒంటి మీద విపరీతంగా వెంట్రుకలు మొలిచిన ఉదంతాలపై ఐరోపా మందుల సంస్థ 2024లో హెచ్చరించింది. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, కొద్దిపాటి మందు నాకినా దాని ప్రాణం పోవచ్చు. ద్రావణంలో ఆల్కహాల్ ఉంటుంది కనుక తడి తలతో దీపారాధనకు, గ్యాస్ పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళ లోపువారు వాడకూడదు.

మరొక ముఖ్య విషయం. కొన్ని సీసాలలో మినాక్సిడిల్‌తో పాటు ఫినాస్టరైడ్ కూడా ఉంటుంది. ఇది హార్మోన్లపై పనిచేసే మందు. గర్భిణి చర్మానికి తగిలితే కడుపులోని మగశిశువుకు హాని కలగవచ్చు. ఫార్మసీలు విడిగా కలిపి అమ్మే ఫినాస్టరైడ్ పూతల వల్ల లైంగిక సమస్యలు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చినట్లు 2019 నుంచి 2024 వరకు తనకు 32 ఫిర్యాదులు అందాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. పేరు చివర ఫినాస్టరైడ్‌కు గుర్తుగా "ఎఫ్" అని ఉన్నదో లేదో చూసి వదిలేయకుండా, అట్టపెట్టె పక్కన సన్నని అక్షరాలలో ఉండే మిశ్రమాన్ని చదవండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మందు పేరు నోటితో చెప్పడం కన్నా ఆ పెట్టెనే వెంట తీసుకువెళ్ళండి.