పేజ్‌మేకర్ 7.0 ఇంకా వాడొచ్చా? పాత ఎక్స్‌పీ సిస్టమ్ రివ్యూ, లైసెన్స్ సంగతులతో సహా

నమస్తే అండీ. ఇవాళ కొత్త ఫోనూ లేదు, కొత్త ల్యాప్‌టాపూ లేదు. టేబుల్ మీదున్నది పెంటియం 4 సిస్టమ్, 512 ఎంబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ, అందులో కార్డులు, పేజీలు డిజైన్ చేసే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ 7.0. ఒడిశాలోని పర్లాకిమిడిలో, కార్డులూ కాగితాలూ కంప్యూటర్‌లో టైప్ చేసి డిజైన్ చేసిచ్చే మా చిన్నాన్న డీటీపీ షాపుది ఇది. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి కామెంట్లలో అందరూ దాదాపు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, మా షాపులో కూడా ఇదే ఉంది, ఇంకా వాడొచ్చా, కేసులు గట్రా ఏమైనా అవుతాయా" అని. అందుకే ఈ వీడియో.

ఇంకా ఎందుకు వాడుతున్నారో ముందు చూద్దాం. ఇదిగో ఈ పెళ్లికార్డు చూడండి, ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఒడియా. మన వైపు పెళ్లంటే సగం కార్డులు ఇలాగే ఉంటాయి కదా. ఇలాంటి ఫైళ్లు ఈ హార్డ్‌డిస్క్ నిండా ఉన్నాయి. పాత కార్డు తెరవడం, పేర్లు, ముహూర్తం మార్చడం, ప్రింట్ కొట్టడం, అంతే. టీ వచ్చేలోపు ప్రూఫ్ చేతికొస్తుంది. కానీ ఈ అక్షరాలు యూనికోడ్ కాదు, అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే పద్ధతిలో లేవు. ఇంగ్లిష్ అక్షరాలుండే చోట తెలుగు ముక్కలు పెట్టి చేసిన పాత ఫాంట్లు ఇవి. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఇదే ఫైలు తెరిస్తే "శ్రీరస్తు" ఉండాల్సిన చోట ఏబీసీడీలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు కాబట్టి కొత్త ఫాంట్లు తెచ్చి ఇందులో పెట్టినా లాభం లేదు.

స్పీడ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఈ పనికి బాగుంది. టైపింగ్‌లో ఎక్కడా ఆగట్లేదు. పెద్ద ఫొటోలు పెడితే మాత్రం ఓపిక కావాలి.

ఇంటర్నెట్‌కి మాత్రం దీన్ని అస్సలు కలపొద్దు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది, క్రోమ్ 2016లో వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ కూడా 2018లో దండం పెట్టేసింది. బ్యాంకు పనులు, జీఎస్టీ పనులు ఇందులో చేద్దామనుకుంటే ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి. పెన్‌డ్రైవ్ పెట్టినా ముందు వేరే సిస్టమ్‌లో స్కాన్ చేసి పెట్టండి, కార్డు మ్యాటర్ తెచ్చే ప్రతి పెన్‌డ్రైవ్‌లోనూ ఏదో ఒక వైరస్ ఉంటుందన్నది మా చిన్నాన్న గట్టి నమ్మకం, అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు.

సరే, లైసెన్స్. పేజ్‌మేకర్‌ని 1985లో తెచ్చింది ఆల్డస్ అనే కంపెనీ, 1994లో ఆ కంపెనీని అడోబీ తీసుకుంది. ఈ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో కొత్త వెర్షన్ రాలేదు. అప్పట్లో నెలనెలా కట్టే పద్ధతి లేదు, ఒకసారి కొంటే ఎన్నాళ్లయినా వాడుకోవచ్చు. అందుకని సీడీ, సీరియల్ నంబరు, బిల్లు ఉన్నవాళ్లు ఇవాళ కూడా దర్జాగా వాడుకోవచ్చు, ఏ టెన్షనూ లేదు. నేనూ అడిగాను, "చిన్నాన్నా, బిల్లుందా?" అని. "బీరువాలో ఉందిరా, ముందు నువ్వా సీపీయూ మూత పెట్టు, దుమ్ము పడుతోంది" అన్నాడు. బిల్లు నిజంగానే ఉంది, చూపిస్తాను, పేరూ నంబర్లూ కనిపించకుండా బ్లర్ చేశాను.

కానీ "కంపెనీ అమ్మడం ఆపేసింది కదా, ఇప్పుడు ఫ్రీయే" అనేవాళ్లున్నారు చూశారా, అది తప్పు. అమ్మకం ఆగినా కాపీరైట్ పోదు. 2013 జనవరిలో ఇదే గొడవ జరిగింది. సీఎస్2 అని ఫొటోషాప్ లాంటి అడోబీవే పాత ప్రోగ్రాములు, వాటి యాక్టివేషన్ సర్వర్లు (ఇది కొన్న కాపీయేనా అని నెట్‌లో సరిచూసే కంపెనీ కంప్యూటర్లు) ఆపేస్తూ, కొన్నవాళ్లు ఇబ్బంది పడకూడదని యాక్టివేషన్ అక్కర్లేని కాపీని, సీరియల్ నంబరుతో సహా వెబ్‌సైట్‌లో పెట్టారు. ఇంకేముంది, ఫొటోషాప్ ఫ్రీ అయిపోయిందని ప్రపంచమంతా డౌన్‌లోడ్ చేసేసింది. ఇది పాత కస్టమర్లకే అని ఆ తర్వాత కంపెనీ చెప్పుకోవాల్సొచ్చింది.

నేను ఈ వీడియోలో గట్టిగా చెప్పదలుచుకున్నది ఈ సర్వర్ సంగతే. ప్రోగ్రామ్ ఎంత పాతదన్నది కాదు, తెరుచుకోడానికి అది ఎవరిని అడుగుతుందన్నది చూడండి. పేజ్‌మేకర్ 7.0 ఎవరినీ అడగదు, సీరియల్ నంబరు కొడితే చాలు, అందుకే ఇన్నేళ్లయినా నడుస్తోంది. దాని తర్వాత వచ్చినవి కంపెనీ సర్వర్‌ని అడుగుతాయి, ఆ సర్వర్ ఆగిన రోజున మీ దగ్గర బిల్లున్నా కొత్తగా ఇన్‌స్టాల్ చేయలేరు. విండోస్ ఎక్స్‌పీ కూడా యాక్టివేషన్ అడిగే రకమే. మీ సీపీయూ క్యాబినెట్ పక్కన విండోస్ స్టిక్కర్ ఉంటే అది సిస్టమ్‌తో పాటు వచ్చిన కాపీ, దాన్నే ఓఈఎమ్ అంటారు, ఆ సిస్టమ్‌తోనే పోతుంది, వేరే సిస్టమ్‌కి మార్చుకునే హక్కు ఉండదు. విడిగా పెట్టె కొన్నవాళ్లయితే పాతదాంట్లో తీసేసి ఇంకోదాంట్లో వేసుకోవచ్చు.

ఇంకో రకం ఉంది, జేబులో పెట్టుకుని తిరిగే లైసెన్స్. సీపీయూ వెనక్కి తిప్పుతున్నాను, చూడండి. ప్రింటర్ పోర్టుకి ఇటో స్క్రూ, అటో స్క్రూ బిగించి అగ్గిపెట్టెంత ముక్క ఉంది కదా, అది ఫాంట్ సాఫ్ట్‌వేర్ తాలూకు లాక్. ఇది పీకేస్తే తెలుగు టైపింగ్ ఆగిపోతుంది. కొత్త మదర్‌బోర్డుల్లో ఈ 25 పిన్నుల పోర్టే ఉండదు. ఆ పోర్టు ఉండే కార్డు విడిగా కొని సిస్టమ్‌లో పెట్టుకున్నా లాక్‌ని గుర్తిస్తుందన్న గ్యారెంటీ లేదు. అంటే డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ బతకాలంటే ఈ పాత పోర్టు బతకాలి. నిజాయితీగా కొన్నవాడికే ఈ తిప్పలు, లాక్ అడగకుండా చేసిన దొంగ కాపీ, అదే క్రాక్, వేసుకున్నవాడు హాయిగా ఉన్నాడు. నాకు కోపమొచ్చేది ఇక్కడే.

చిన్న విషయం, కానీ చాలామంది దీనికే భయపడుతున్నారు. సిస్టమ్ ఆన్ చేయగానే తేదీ ఎక్కడో 2002కి వెళ్లిపోయి, ప్రోగ్రాములు లైసెన్స్ ఎర్రర్ చూపిస్తున్నాయా? ముందు మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి చూడండి. లైసెన్స్ పోయిందని మెకానిక్ చెబితే వెంటనే నమ్మేయకండి.

ఇప్పుడు కేసుల సంగతి. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 63బీ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి కాకుండా వాడితే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకుంది, కానీ డీటీపీ షాపు వ్యాపారమే కదా. కాబట్టి "అన్ని సాఫ్ట్‌వేర్లూ లోడ్ చేసి ఇస్తాం" అని అమ్మే సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ కొనకండి. సిస్టమ్ మీదే, బిల్లు లేని ఆ సాఫ్ట్‌వేర్లు మీవి కావు. అదే చట్టంలో మనకి పనికొచ్చే మాట కూడా ఒకటుంది: న్యాయంగా కొన్న ప్రోగ్రామ్ పాడైపోతే ఎలాగని బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. సీడీలు గీతలు పడి పోతున్నాయి, సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా, అంటే ఐఎస్‌ఓ చేసి దాచుకోండి.

కొత్త ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ అని, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్ పెట్టి అందులో ఎక్స్‌పీ నడిపి చూశాను, పేజ్‌మేకర్ చక్కగా తెరుచుకుంది. కాకపోతే వర్చువల్‌బాక్స్ ఉచితమే గానీ, దానికి అదనపు సౌకర్యాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ సొంత వాడకానికి, చదువుకి మాత్రమే ఉచితం, షాపులో వాడాలంటే కొనాలి. లోపల నడిచే ఎక్స్‌పీకి కూడా లైసెన్స్ ఉండాలి, క్యాబినెట్ మీది స్టిక్కర్ ఇక్కడ చెల్లదు.

పాత ఫైళ్ల సంగతి ఇంకా చిక్కు. పేజ్‌మేకర్ ఫైళ్లను అడోబీదే ఇంకో పేజీ డిజైన్ ప్రోగ్రామ్ ఇన్‌డిజైన్, సీఎస్6 వెర్షన్ వరకు తెరుస్తుంది, ఆ తర్వాత నెలనెలా కట్టే వెర్షన్లు తెరవవు. సీఎస్6 అమ్మకం 2017లోనే ఆపేశారు. అందుకే ఈ సిస్టమ్ బతికుండగానే ముఖ్యమైన కార్డులన్నీ పీడీఎఫ్ చేసుకోండి, మ్యాటర్‌ని, పాత ఫాంట్లని మార్చే కన్వర్టర్ ప్రోగ్రామ్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి కళ్లతో చూసుకోవాలి, పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు పడితే వాళ్లు ఊరుకోరు.

కొత్త కార్డులకి నా ఓటు స్క్రైబస్‌కి, ఇదీ పేజ్‌మేకర్ లాంటి పేజీ డిజైన్ ప్రోగ్రామే. ఉచితం, షాపులో కూడా వాడొచ్చు, 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్స్‌వే, కార్డు మీద వేసి అమ్ముకున్నా ఎవరూ అడగరు. పేజ్‌మేకర్ అలవాటైన చేతికి మొదట్లో విసుగొస్తుంది, మా చిన్నాన్నకైతే ఇంకా నచ్చలేదు.

కాబట్టి బిల్లున్నవాళ్లు ఈ పాత సిస్టమ్‌ని నెట్ లేకుండా ఒక మూల ఉంచండి, పాత ఫైళ్ల కోసం. ఇప్పుడు కొత్తగా ఇలాంటిది కొనాలనుకునేవాళ్లు మాత్రం కొనకండి. ఐఎస్‌ఓ ఎలా చేయాలో వచ్చే వీడియోలో చూపిస్తాను, ఈలోగా ఆ సీడీలూ బిల్లులూ ఏ బీరువాలో ఉన్నాయో వెతికి పెట్టుకోండి. ఉంటానండీ.