రెండు దీవులా, నాలుగా? జపాన్, రష్యాల మధ్య 80 ఏళ్ల పీటముడి

[తెర మీద: పొగమంచు కమ్మిన సముద్రం. దూరంగా చిన్న లైట్‌హౌస్]

జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవి. దాని తూర్పు కొసన నెమురో అనే ఊరు, ఆ ఊరి చివర నొసప్పు అగ్రం. అక్కడ నిలబడి బైనాక్యులర్స్‌తో చూస్తే ఎదురుగా నీళ్లలో ఒక చిన్న దిబ్బ, దాని మీద ఒక లైట్‌హౌస్ కనబడతాయి. ఆ దిబ్బ పేరు కైగర. దూరం 3.7 కిలోమీటర్లు. నేల మీదైతే ముప్పావు గంట నడక. కానీ ఆ దిబ్బ రష్యా చేతిలో ఉంది. జపానేమో అది మాదే అంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 80 ఏళ్లు దాటినా ఈ రెండు దేశాల మధ్య శాంతి ఒప్పందం లేదు. అలాగని ఇంకా యుద్ధంలో ఉన్నాయా అంటే, అదీ లేదు. ఈ విచిత్రం ఎలా వచ్చిందో చూద్దాం.

[తెర మీద: మ్యాప్. నాలుగు దీవులు ఒక్కొక్కటిగా వెలుగుతాయి]

గొడవంతా వీటి గురించే: ఎటొరొఫు, కునషిరి, షికొతాన్, హబొమాయ్. హబొమాయ్ అంటే నిజానికి చిన్న చిన్న దీవుల గుంపు. కైగర కూడా అందులోదే. 1855లో రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకుని ఎటొరొఫుకి పైన సరిహద్దు గీసుకున్నాయి. జపాన్ ఈరోజుకీ చూపించే కాగితం అదే.

రష్యా దగ్గర వేరే కాగితముంది. హొక్కైడో నుంచి రష్యాలోని కమ్చాట్కా దాకా వరసగా ఉండేవి కురిల్ దీవులు. జపాన్ మీద యుద్ధానికి దిగితే ఆ దీవులు మీవేనని 1945 ఫిబ్రవరిలో యాల్టాలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, బ్రిటన్ ప్రధాని చర్చిల్ సోవియట్ నేత స్టాలిన్‌కి మాటిచ్చారు. ఆగస్టు 9న సోవియట్ సైన్యం దిగింది. జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించింది 15న. ఈ నాలుగింటినీ సోవియట్ సైన్యం పట్టుకుంది మాత్రం ఆ తర్వాతే, ఆగస్టు 28 నుంచి సెప్టెంబర్ 5 లోపు. అక్కడ ఉండే దాదాపు 17,000 మంది జపనీయులు కొన్నేళ్లలోనే ఊళ్లు వదిలిపోవాల్సి వచ్చింది.

1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందంలో జపాన్ కురిల్ దీవుల్ని వదులుకుంది. కానీ ఆ కాగితం మీద సోవియట్ యూనియన్ సంతకం పెట్టలేదు. పైగా జపాన్ వాదన ఏంటంటే, ఈ నాలుగూ అసలు కురిల్స్‌లోకే రావని. నాకు ఇక్కడ జపాన్ కేసు కాస్త బలహీనంగా అనిపిస్తుంది. ఎందుకంటే అదే ఏడాది జపాన్ పార్లమెంటులో విదేశాంగ శాఖ అధికారే ఎటొరొఫు, కునషిరి కురిల్స్‌లో భాగమని చెప్పారు. ఆ మాటను ప్రభుత్వం తర్వాత మార్చుకుంది.

[తెర మీద: 1956, మాస్కో. సంతకాల బల్ల]

అసలు కథ 1956ది. అప్పటి జపాన్ ప్రధాని హతొయామా ఇచిరో. పక్షవాతం వచ్చిన మనిషి, ఆ ఒంటితోనే మాస్కో వెళ్లారు. సైబీరియా శిబిరాల్లో జపాన్ ఖైదీలు ఇంకా మిగిలే ఉన్నారు. ఐక్యరాజ్యసమితిలో చేరదామంటే సోవియట్ వీటో అడ్డం. అక్టోబర్ 19న సంయుక్త ప్రకటన మీద సంతకాలయ్యాయి. యుద్ధస్థితి ముగిసింది, రాయబారులు వచ్చారు, డిసెంబర్‌లో జపాన్ ఐక్యరాజ్యసమితి సభ్యదేశమైంది.

ఆ ప్రకటనలో 9వ అంశం ఉంది. శాంతి ఒప్పందం కుదిరాక హబొమాయ్, షికొతాన్ దీవుల్ని జపాన్‌కి "అప్పగిస్తాం" అని. గమనించండి, "తిరిగి ఇస్తాం" అనలేదు. తిరిగి ఇస్తాం అంటే మీవి మా దగ్గరున్నాయని ఒప్పుకున్నట్టే. అప్పగిస్తాం అంటే మాది, దయతలచి ఇస్తున్నాం అని. ఒక్క క్రియాపదం. దాని మీద రెండు దేశాల లాయర్లు ఎన్ని రాత్రులు కూర్చున్నారో!

ఇక ఆ రెండూ కలిపినా మొత్తం విస్తీర్ణంలో 7 శాతమే. పెద్దవి రెండూ రష్యా దగ్గరే ఉంటాయి. దానికి ఒప్పుకుంటే, అప్పట్లో తమ పాలనలో ఉన్న జపాన్ దీవి ఒకినావాని మా దగ్గరే ఉంచేసుకుంటామని అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్ జపాన్‌ని బెదిరించారు కూడా. 1960లో జపాన్ అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని కొత్తగా రాసుకునేసరికి మాస్కో ఇంకో మెలిక పెట్టింది: విదేశీ సైన్యం మీ దేశం వదిలితేనే దీవులు.

[తెర మీద: వేడినీటి బుగ్గల ఊరు, రాత్రి]

మధ్యలో చాలా ప్రయత్నాలు జరిగాయి. 1997లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్, జపాన్ ప్రధాని హషిమొతో మెడలో టైలు లేకుండా కలిసి, 2000 లోపు తేల్చేద్దామనుకున్నారు. తేలలేదు. అందరికంటే ఎక్కువ పట్టుబట్టింది జపాన్ ప్రధానిగా ఉన్న షింజో అబే. పుతిన్‌ని 27 సార్లు కలిశారు. 2016 డిసెంబర్‌లో తన సొంత ప్రాంతమైన నగతోకి పిలిచి, వేడినీటి బుగ్గల హోటల్లో విందు ఏర్పాటు చేశారు. అతిథి రెండు గంటలకు పైగా లేటు! ఇంతకుముందు జపాన్ ఇచ్చిన అకితా కుక్కకి జోడీగా ఇంకో కుక్కని ఇస్తామంటే, వద్దన్నారు. అంతకు కొన్ని వారాల ముందే ఎటొరొఫు, కునషిరిల్లో రష్యా క్షిపణులు కూడా మోహరించింది. ఓఖోట్స్క్ సముద్రం నుంచి రష్యా నౌకలు పసిఫిక్‌లోకి వెళ్లే దారులు ఆ దీవుల పక్కనే. ఆ దారులు ఎవరైనా చేజేతులా వదులుకుంటారా?

2018 నవంబర్‌లో సింగపూర్‌లో, 1956 ప్రకటన ఆధారంగానే మాట్లాడదామని ఇద్దరూ ఒప్పుకున్నారు. అంటే అబే నోటితో అనకపోయినా నాలుగు నుంచి రెండుకి దిగారన్నమాట. ఆ వెంటనే పుతిన్, దీవులు అప్పగించాక సార్వభౌమాధికారం ఎవరిదో అందులో రాయలేదుగా అన్నారు. మళ్లీ మొదటికొచ్చింది. 2020లో రష్యా రాజ్యాంగంలో భూభాగం వదులుకోకూడదన్న నిబంధన చేరింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంపై జపాన్ ఆంక్షలు పెట్టాక, మార్చిలో రష్యా చర్చలే ఆపేసింది.

[తెర మీద: కొక్కెం ఉన్న పొడవాటి కర్రలతో చిన్న పడవలు]

కానీ నెమురో జాలర్లు చర్చల కోసం ఆగలేదు. కైగర చుట్టూ కొంబు అనే సముద్రపు నాచు దొరుకుతుంది. జపాన్ ఇళ్లలో చారుకి అదే ఆధారం. పొడవాటి కర్రని నీళ్లలోకి దింపి, నాచుని చుట్టి మెలిపెట్టి లాగుతారు. 1963 నుంచి దీనికి ప్రత్యేక ఒప్పందముంది. నీళ్లు ఎవరివన్నది పక్కనపెట్టి, రుసుము కట్టి నాచు తెచ్చుకోవడమే. 1977 నుంచి కొన్నేళ్లు ఆగినా మళ్లీ మొదలైంది. 2022లో కూడా ఆలస్యంగానైనా కుదిరింది, పడవలు వెళ్లాయి.

[తెర మీద: ఓడ రెయిలింగ్ దగ్గర వృద్ధులు]

దీవుల్లో పుట్టినవాళ్లకి మాత్రం ఆ వీలు లేదు. వీసా లేకుండా వెళ్లి పెద్దల సమాధులు చూసొచ్చే ఏర్పాటు కోవిడ్‌తో ఆగింది, తర్వాత మళ్లీ మొదలవలేదు. అందుకే ఇప్పుడు వేసవిలో నెమురో నుంచి ఎటొపిరికా అనే ఓడ ఎక్కుతారు. జపాన్ వైపు నీళ్లకీ దీవుల వైపు నీళ్లకీ నడుమ ఉన్న మధ్యరేఖ దగ్గరకు వెళ్లి ఓడ ఆగుతుంది. దీవుల వైపు తిరిగి అక్కడి నుంచే దండం పెట్టుకుంటారు. తర్వాత ఓడ వెనక్కి తిరుగుతుంది.